తాకట్టు ఆమెది, బోర్డు ఆయనది

వ్యాపారం చేసే ఆడవాళ్లకు మన దగ్గర అడక్కుండా దొరికేది ఒక్కటే, సలహా. అప్పు అడిగినా దొరకదు. సరుకు అరువు దొరకదు. మెయిన్ రోడ్డు మీద షాపు అద్దెకు అడిగితే "మీవారు ఏం చేస్తుంటారమ్మా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. సలహా మాత్రం కావలసినంత. మార్చి మొదటి వారంలో హైదరాబాదు, విజయవాడ, విశాఖ హోటళ్ల కాన్ఫరెన్సు హాళ్లలో అది మరీ ధారాళంగా పారుతుంది. మాట్లాడేవాళ్లు ఏటా మారతారు, మాట మారదు. "అమ్మా, మీరు కంఫర్ట్ జోన్ దాటి బయటికి రండి. మిమ్మల్ని ఆపుతున్నది మీ భయమే." చప్పట్లు, శాలువాలు, గ్రూప్ ఫొటో.

అతిశయోక్తి అయితే ఊరుకోవచ్చు. సభలన్నాక అతిశయోక్తులు మామూలే. కానీ ఈ మాట రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసే మాట. అది పనిచెయ్యకపోతే తప్పు రోగి మీదికే నెడుతుంది. అందుకే దీన్ని ఖండించాలి.

ఆ వాదనకు అన్యాయం చెయ్యకుండా, బలంగా ఉన్న రూపంలోనే తీసుకుందాం. ఆడవాళ్ల వ్యాపారాలు చాలావరకు చిన్నవిగానే మిగిలిపోతున్నాయి. పచ్చళ్లు, పిండివంటలు, టైలరింగ్, బ్యూటీ పార్లర్, చీరలు, ఈ గీత దాటేవాళ్లు తక్కువ. పది లక్షలు అడగగలిగిన చోట లక్ష అడుగుతారు. హోల్‌సేలర్‌తో గట్టిగా బేరమాడరు. వేరే ఊళ్లో బ్రాంచి పెట్టమంటే వెనకాడతారు. ఇవన్నీ నిజాలే, నేను కాదనను. నా తగాదా వీటికి చెప్పే కారణంతోనే. "భయం" అనేది ఇక్కడ వివరణ కానే కాదు, వెతకడానికి బద్ధకించినవాళ్లు అంటించే లేబులు.

ముందుగా, రిస్కు అనేదాన్ని మన ఆడవాళ్లు ఎప్పుడూ ఎరగరన్నట్టు మాట్లాడటం చూస్తే నాకు నవ్వొస్తుంది. తెలుగు ఇళ్లలో వ్యాపారాలకు మొదటి పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుంది? ఆయన ఎరువుల కొట్టు పెట్టినా, లారీ కొన్నా, రొయ్యల చెరువు లీజుకు తీసుకున్నా, ముందుగా బ్యాంకు కౌంటరు మీదికి వచ్చేవి ఆమె గాజులు, ఆమె హారం. చెరువులో వైరస్ పడితే ఆ నగలు వేలానికి పోతాయి. పంట నిలబడితే విడిపించుకొచ్చి బీరువాలో పెడతారు, మళ్లీ సీజనుకి తీసుకెళ్లడానికి. మునిగినప్పుడు పోయేది ఆమె సొత్తు. తేలినప్పుడు లాభంలో ఇంత వాటా అని ఆమెకు ఎవరూ రాసివ్వరు. షాపు బోర్డు మీద "అండ్ సన్స్" అనో "అండ్ బ్రదర్స్" అనో ఉంటుంది. ఆడపేరేమైనా కనిపిస్తే అది సాధారణంగా లక్ష్మీదేవిది. రిస్కు మోసేవాళ్లే వ్యాపారులని పుస్తకాలు చెబుతాయి. ఆ లెక్కన ఈ రాష్ట్రాల్లో సగం వ్యాపారాలకు అసలు వ్యాపారి వంటింట్లో ఉంది. ఆమెను పట్టుకుని "రిస్కు తీసుకోవడం నేర్చుకో" అనడానికి మనకు నోరెలా వస్తుంది?

ఇక "ఆడవాళ్ల చేతికి పెట్టుబడి ఇచ్చినా పెద్దగా పెరగదు" అన్న మాట. దీనికి ఒకప్పుడు పరిశోధన ఆధారం కూడా దొరికింది. శ్రీలంకలో చిన్న వ్యాపారులకు తిరిగి కట్టక్కర్లేని డబ్బిచ్చి చూశారు. మగవాళ్ల వ్యాపారాల్లో లాభం పెరిగింది, ఆడవాళ్ల వ్యాపారాల్లో సగటున పెరగలేదు. ఇంకేం, ఆడవాళ్లకు ఆశయం తక్కువనేవాళ్లకు ఆయుధం దొరికింది. 2019లో బెర్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే, రిగోల్ అనే నలుగురు ఆర్థికవేత్తలు భారతదేశం, శ్రీలంక, ఘనా దేశాల లెక్కల్ని మళ్లీ తిరగేశారు. ఈసారి ఆమె కొట్టు ఒక్కదాన్నే కాకుండా ఇల్లు మొత్తాన్ని చూశారు. ఆమె పేరున వచ్చిన డబ్బు తరచుగా భర్త వ్యాపారంలోకి వెళ్తోంది. లాభం అక్కడ పెరుగుతోంది, ఆమె ఖాతాలో సున్నా కనిపిస్తోంది. ఇంట్లో వ్యాపారం చేసేది ఆమె ఒక్కతే అయిన చోట, ఆడామగా లాభాల మధ్య ఆ తేడా కనిపించలేదు. ఈ ఒక్క ఫలితం చాలు, సభల్లో చెప్పే కథ తలకిందులవడానికి. ఆమె ధైర్యంలోనో తెలివిలోనో లోటు ఉంటే, భర్తకు వ్యాపారం లేనంత మాత్రాన ఆ లోటు ఎలా మాయమవుతుంది?

మన దగ్గర దీనికి అధ్యయనం కూడా అక్కర్లేదు. డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు ఎవరి ట్రాక్టరు కిస్తీకి, ఎవరి బోరుబావికి పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. కట్టేది మాత్రం ఆమె. అలాగని అవి మొండిబాకీలుగానూ మిగలడం లేదు. నాబార్డు లెక్కల్లో స్వయం సహాయక సంఘాల మొండిబాకీలు ఇటీవలి ఏళ్లలో మూడు శాతం లోపే. ఈ క్రమశిక్షణ చూసైనా బ్యాంకులు పెద్ద అప్పులిచ్చాయా అంటే, ముద్ర పథకం చూడండి. ఖాతాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆడవాళ్లవేనని కేంద్రం గొప్పగా చెబుతుంది. అందులో ఎక్కువ భాగం "శిశు" రకం, అంటే యాభై వేల రూపాయల లోపు అప్పులు. యాభై వేలతో ఒక ఫ్రిజ్, ఒక గ్రైండరు, రెండు నెలల ముడిసరుకు వస్తాయేమో. ఆ అప్పుతో పెట్టిన వ్యాపారం చిన్నగా ఉంటే, చిన్నగా ఆలోచించింది ఆమేనా?

సమయం సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. దేశవ్యాప్తంగా జరిగిన 2019 కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్లే నూటికి 26 మంది. సాయంత్రం ఆరింటికి ట్రేడర్స్ అసోసియేషన్ మీటింగుకి ఆమె ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి మనస్తత్వ శాస్త్రం అవసరమా?

మనస్తత్వ శాస్త్రం అన్నాను కాబట్టి ఒక చిన్న పక్కదారి. ఈ కంఫర్ట్ జోన్ పుస్తకాలు, శిక్షణ శిబిరాలు తమ సిద్ధాంతానికి శాస్త్రీయ పునాదిగా తరచు చూపించేది 1908 నాటి ఒక ప్రయోగం. రాబర్ట్ యెర్కీస్, జాన్ డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకలకు కరెంటు షాకులిస్తూ తెల్ల పెట్టెకూ నల్ల పెట్టెకూ తేడా గుర్తుపట్టడం నేర్పించారు. కాస్త ఒత్తిడి ఉంటేనే నేర్చుకుంటారనే ముక్కను శిక్షకులు తీసుకున్నారు. పని కష్టమైనదైతే, షాకు తీవ్రత ఒక హద్దు దాటాక ఎలుకలు నేర్చుకోవడం దెబ్బతిన్నదన్న ముక్కను స్లైడులో పెట్టకుండా వదిలేశారు. వ్యాపారం కష్టమైన పనో తేలికైన పనో వాళ్లే చెప్పాలి.

ఈ సలహాకు ఆధారంగా చూపించే ఆదర్శ మహిళల దగ్గరికి వద్దాం. అందరూ చెప్పే పేరు కిరణ్ మజుందార్ షా. అద్దె ఇంటి గ్యారేజీలో, పదివేల రూపాయలతో, 1978లో బెంగుళూరులో బయోకాన్ మొదలుపెట్టిన మనిషి. "చూశారా, కంఫర్ట్ జోన్ దాటింది కాబట్టే" అంటారు. ఆమె కథ మొత్తం చదివితే తేలేది వేరు. తండ్రి రసేంద్ర మజుందార్ యునైటెడ్ బ్రూవరీస్‌లో హెడ్ బ్రూమాస్టర్, అంటే బీరు తయారీకి అధిపతి. ఆమె ఆస్ట్రేలియాలోని బల్లారట్ వెళ్లి అదే విద్య చదువుకుంది. 1975లో పట్టా పుచ్చుకుని తిరిగొచ్చింది. ఉద్యోగమే చేద్దామనుకుంది. బీరు తయారుచేసే కంపెనీలు ఆడమనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి ఒప్పుకోలేదు. ఒక ఐర్లండ్ కంపెనీ భాగస్వామ్యంతో ఎంజైముల వ్యాపారంలోకి దిగింది. బొప్పాయి నుంచి పపైన్, చేపల నుంచి ఐసింగ్లాస్ తీసి ఎగుమతి చేసింది. ఐసింగ్లాస్ బీరును తేటపరచడానికి వాడే పదార్థం. అంటే ఆమె అడుగుపెట్టిన రంగం తన ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్నది, కాలేజీలో చదివింది, చేతికి బాగా వచ్చినది. అప్పు కోసం బ్యాంకులకు వెళ్తే అనుభవం లేని ఆడపిల్ల, తాకట్టు లేదు, వ్యాపారమేమో అర్థం కానిది అని వెనక్కి పంపారు. ఈ కథలో తనకు అలవాటైన చోటు వదలడానికి భయపడిన పాత్రలు చాలానే ఉన్నాయి. బీరు కంపెనీల యజమానులున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు. ఆమె మాత్రం ఆ జాబితాలో లేదు. ఇంత స్పష్టంగా ఉన్న కథను పట్టుకుని దాని నుంచి ఆడవాళ్లకు పాఠం తీసేవాళ్లను ఏమనాలి?

సౌందర్య సాధనాల కంపెనీ నైకా పెట్టిన ఫల్గుణీ నాయర్ కథనూ ఇలాగే వాడతారు. యాభయ్యో ఏడు దగ్గరపడుతుండగా, 2012లో, మంచి ఉద్యోగం వదిలేసి దూకిందట. ఆ ఉద్యోగమేమిటో గుర్తుందా? కోటక్ మహీంద్రాలో పెట్టుబడి బ్యాంకింగ్ విభాగానికి అధిపతి. దాదాపు ఇరవై ఏళ్లుగా కంపెనీలకు డబ్బెలా సమకూర్చాలో, షేర్ మార్కెట్‌కి ఎలా తీసుకెళ్లాలో అదే పనిగా చేసిన మనిషి. ఆ తెలివి, ఆ పరిచయాలు, సొంత డబ్బు వెనక పెట్టుకుని దిగింది. నేను ఆమె ప్రతిభను తక్కువ చెయ్యడం లేదు. దూకే ముందు కింద వల ఉందో లేదో చూసుకోవడం కూడా ప్రతిభే. వల ఉన్నవాళ్ల దూకుడును వల లేనివాళ్లకు ఆదర్శంగా చూపించడం మాత్రం బాధ్యత లేని పని.

వల లేనివాళ్లను దూకమంటే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్ ఒకసారి చూసింది. 2010కి ముందు మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊరూరా తిరిగి ఆడవాళ్లకు అప్పులిచ్చాయి. అప్పటి ప్రచారమంతా ఈ భాషలోనే సాగింది. పేద మహిళలో వ్యాపారి నిద్రపోతోంది, చిన్న అప్పుతో ఆమె మేలుకుంటుంది అని. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర అప్పు, దానికి మరోటి. వారం వారం ఇంటిముందు సెంటర్ మీటింగు. ఒకామె కట్టలేకపోతే గ్రూపంతా పూచీ, గ్రూపంతా ఆమె గుమ్మంలో. 2010 జూలై చివర్లో దేశంలోని పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ ఒకటి పబ్లిక్ ఇష్యూకి వస్తే మదుపుదారులు ఎగబడ్డారు. అక్టోబరు నాటికి ఆత్మహత్యల వార్తలు పేపర్లు నింపి, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వసూళ్లకు కళ్లెం వెయ్యాల్సి వచ్చింది. ఆ ఆడవాళ్లకు సాహసం తక్కువై మునిగిపోలేదు. చేతనైనదానికన్నా ఎక్కువ సాహసం చేయించారు. ఆ సాహసంలో నష్టం ఎవరిదో లాభం ఎవరిదో ముందే రాసిపెట్టి ఉంది.

ఇదే రాష్ట్రంలో, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలుపెట్టి ఆడవాళ్లు సారా వేలంపాటలు ఆపించారు. కాంట్రాక్టర్లకు, వాళ్ల మనుషులకు, పోలీసులకు, సొంత మొగుళ్లకు ఎదురు నిలబడ్డారు. మరుసటి ఏడాదికి సారా మీద నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పెరిగాయి. ఆ తల్లుల కూతుళ్లకు ఇప్పుడు మనం ధైర్యం మీద పవర్ పాయింట్ చూపిస్తున్నాం.

అలవాటైన చోటు అంటే అంత చులకన ఎందుకో కూడా నాకు అర్థం కాదు. వ్యాపారంలో అది మూలధనం. ఆత్రేయపురంలో పూతరేకు తీసే ఆడవాళ్లను చూడండి. బోర్లించిన కుండ, కింద మంట, బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డ. ఒక్క క్షణం చెయ్యి ఎక్కువసేపు ఆగితే రేకు చిల్లు పడుతుంది, తొందరపడితే మందమవుతుంది. రోజంతా ఆ సెగ ముందు కూర్చోవడాన్ని కంఫర్ట్ అన్నవాళ్లు ఒక పూట కూర్చుని చూడాలి. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకి విలువ తెచ్చింది ఆ చేతుల్లో ఉన్న అలవాటే. ఆమెకు కావలసింది రేకు ధర తను నిర్ణయించగలగడం, ప్యాకింగు, సొంత పేరుతో అమ్ముకునే దారి. కుండ వదిలి ఇంకేదో చెయ్యమనే సలహా ఆమెను తన పనితనానికే దూరం చేస్తుంది.

ఇంటికి దూరం కాకుండా వ్యాపారం పెరగదంటారా? లిజ్జత్ పాపడ్‌ను 1959 మార్చిలో బొంబాయి గిర్గాం‌లో ఏడుగురు ఆడవాళ్లు ఎనభై రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. ఇప్పటికీ పద్ధతి అదే. పిండి కేంద్రంలో కలుపుతారు, సభ్యురాళ్లు ఇంటికి తీసుకెళ్లి అప్పడాలు ఒత్తి మర్నాడు తెచ్చిస్తారు, కూలి తీసుకుంటారు. ప్రతి ఒక్కరూ యజమానే, లాభమైనా నష్టమైనా అందరిదీ. వేల కుటుంబాలు, వెయ్యి కోట్లు దాటిన అమ్మకాలు. ఆడదాని రోజు ఎలా గడుస్తుందో చూసి, దాని చుట్టూ వ్యాపారాన్ని కట్టారు. మారాల్సింది ఆమె అని ఎవరూ అనలేదు.

ఇంత చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. నిజంగానే జంకేవాళ్లు లేరా? ఉన్నారు. కొత్త పని నేర్చుకోవడంలో ఇబ్బంది ఉంటుంది, ఆడైనా మగైనా. మొదటిసారి జీఎస్టీ నోటీసు వస్తే చేతులు వణుకుతాయి. అయితే ఆ జంకు ఎలా పోతుందన్నదానికి ఉపన్యాసంకన్నా మంచి సమాధానం అహ్మదాబాదులో దొరికింది. అక్కడి సేవా బ్యాంకు ఖాతాదారులైన ఆడవాళ్లకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చారు. కొందరిని ఒంటరిగా రమ్మన్నారు, కొందరిని స్నేహితురాలిని వెంట తెచ్చుకోమన్నారు. 2016లో అచ్చయిన ఫలితాల ప్రకారం, తోడుతో వచ్చినవాళ్లు అప్పు తీసుకుని వ్యాపారంలో పెట్టారు, వాళ్ల ఇంటి ఆదాయమూ పెరిగింది. ఒంటరిగా వచ్చినవాళ్లలో ఆ మార్పు కనిపించలేదు. బయట తిరగడానికి కట్టుబాట్లు ఎక్కువున్న వర్గాల్లో తోడు ప్రభావం మరీ ఎక్కువ. పాఠం ఒకటే, శిక్షకులు ఒకటే. తేడా అంతా పక్కన కూర్చున్న తెలిసిన మనిషి.

ఇక పైమెట్టు ఎక్కినవాళ్ల సంగతి. చదువుకుని, స్టార్టప్ పెట్టి, ఇంగ్లీషులో గడగడా మాట్లాడే ఆడవాళ్లు పెట్టుబడిదారుల ముందు నిలబడితే ఏమవుతోంది? న్యూయార్క్‌లో ఒకప్పుడు జరిగిన టెక్‌క్రంచ్ డిస్‌రప్ట్ పోటీల్లో అడిగిన ప్రశ్నల్ని డానా కాంజే, ఆమె సహపరిశోధకులు విడదీసి చూశారు. మగవాళ్లను ఎక్కువగా "ఎంత పెరుగుతారు, ఎలా గెలుస్తారు" అని అడిగారు. ఆడవాళ్లను ఎక్కువగా "నష్టం రాకుండా ఏం చేస్తారు, ఉన్న కస్టమర్లు పోకుండా ఎలా చూస్తారు" అని అడిగారు. మొదటి రకం ప్రశ్నలు ఎదురైన కంపెనీలకు రెండో రకంవాటికన్నా ఏడు రెట్లు పెట్టుబడి వచ్చింది. జాగ్రత్త గురించి అడిగితే జాగ్రత్త గురించే జవాబు చెబుతారు. చెప్పాక "ఈమెకు పెద్ద కల లేదు" అని రాసుకుంటారు. అక్కడున్న మహిళా పెట్టుబడిదారులు కూడా అదే తీరులో అడిగారు, కాబట్టి దీన్ని మగవాళ్ల దుర్మార్గంగా తేల్చెయ్యడానికీ లేదు. ఆ మనుషులంతా అలవాటైన చోటే కూర్చుని ఉన్నారు.

ఓడిపోయినప్పటి లెక్కా ఒకటి ఉంది. కొడుకు పెట్టిన హోటలు మూతపడితే "పాపం, ప్రయత్నించాడు, టైం బాలేదు" అంటాం. కోడలు పెట్టిన బొటిక్ మూతపడితే "వద్దంటే విన్నావా?" అంటాం. రెండో అవకాశం అతనికి దొరుకుతుంది, ఆమెకు దొరకదు. ఒకే ఒక్క అవకాశం ఉన్న మనిషి ఆచితూచి అడుగు వేస్తే, దాన్ని పిరికితనం అనేవాడికి వ్యాపారమే తెలియదు.

నిజానికి ఈ సలహాదారులు కోరే ధైర్యం ఏ రకమో గమనించండి. స్టేజి ఎక్కి మాట్లాడే ధైర్యం కావాలి, ఒంటరిగా ప్రయాణం చేసే ధైర్యం కావాలి, అప్పు తీసుకునే ధైర్యం అయితే మరీ కావాలి. ఇవేవీ ఇతరులకు పైసా ఖర్చు తెచ్చిపెట్టేవి కావు. ఖర్చు తెచ్చిపెట్టే ధైర్యం ఒకటి ఉంది. దాని ఊసు మాత్రం రాదు.

కూతుళ్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం చేసిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది, అప్పటికే పెళ్లైనవాళ్లను మినహాయించి. దేశమంతటికీ 2005లో వచ్చింది. తండ్రి ఆ 2005 చట్టం వచ్చేనాటికి బతికి లేకపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. వ్యాపారానికి బ్యాంకు అడిగే తాకట్టు సరిగ్గా ఇదే, భూమి, ఇల్లు, స్థలం. మరి ఆ వాటా ఏమవుతోంది? పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇంతో అంతో ఇచ్చామంటారు. తండ్రి పోయాక నెల తిరక్కుండా అన్నయ్య ఆప్యాయంగా ఫోన్ చేస్తాడు, "ఒక్క సంతకం అమ్మా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చి వెళ్లు, భోజనం ఇంట్లోనే" అని. హక్కు విడుదల దస్తావేజు మీద ఆమె వేలిముద్ర పడుతుంది. ఆ తర్వాత ఆరునెలలకు ఆమె పచ్చళ్ల యూనిట్ పెట్టుకుంటానని బ్యాంకుకి వెళ్తే తాకట్టుకు ఏముందని అడుగుతారు. గాజులు తీస్తుంది.

ఆ సంతకం దగ్గర ఆగమని చెప్పే శిక్షణ శిబిరం ఒక్కటి కూడా నాకు తగల్లేదు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. శిబిరాల్లో కూర్చునే పెద్దమనుషులకూ చెల్లెళ్లున్నారు. ఒకవేళ ఒకామె నిజంగానే ఆగి, "నా వాటా నాకుంచు అన్నయ్యా, దాని మీద అప్పు తీసుకుని వ్యాపారం పెట్టుకుంటాను" అందనుకోండి. ఆ ఏడు సంక్రాంతికి ఆమెకు పిలుపు రాదు, చీర రాదు. ఊళ్లో ఆమెను ధైర్యవంతురాలు అనరు. ఆస్తి కోసం పుట్టింటిని కోర్టుకి లాగేలా ఉంది అంటారు.